మాను మీద ఆగిన పద్యం

కరోనా పోయాక వచ్చిన రెండో ఎండాకాలం. వైశాఖంలో ఒక శుక్రవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. పుంగనూరు నుంచి పెద్దపంజాణి వైపు పోతే దారిలో తగిలే ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరివాళ్లు చదివితే వాళ్లకే తెలుస్తుంది. ఆ నిమిషానికి మా మునిరత్నం తపస్సు మాను మీద సగం దాటి ఉన్నాడు. నేను కింద హార్మోనియం ముందు ఉన్నాను. వాడు పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదం మధ్యలో నేను తిత్తి మూసేసి హార్మోనియం ఆపేశాను. పద్యం నడుస్తుండగా పెట్టె ఆపడం నా పనిలో అదే మొదలు, అదే ఆఖరు.

ఎందుకు ఆపానో చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి.

నేను వీధినాటకాలు నేర్పేవాణ్ణి. పేరు నాగులప్ప, ఉండేది పుంగనూరు. మా వైపు నాటకం నేర్పేవాణ్ణి అయ్యోరు అంటారు. పద్యాలు చెవితో నేర్చుకున్నాను, చెవికే నేర్పాను. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నాను. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే జనం నన్ను అయ్యోరా అని పిలుస్తున్నారు. ఈ రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. విషయంలో మాత్రం తప్పు లేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క పల్లెల్లో ఎండాకాలం వస్తే నాటకాల ఉత్సవాలు పెడతారు. పగలు కథ, రాత్రి నాటకం, ఇట్లా రెండు మూడు వారాలు నడుస్తుంది. అందులో ఒక పొద్దు మాత్రం నాటకం పగలే. దాన్ని తపస్సు అంటారు. కథలోని వీరుడు శివుడి కోసం తపస్సుకు పోయే ఘట్టం అది. ఊరి బయట చేలో కొబ్బరిచెట్టంత ఎత్తు మొద్దు ఒకటి పాతుతారు. అదే తపస్సు మాను. దానికి అడ్డంగా చెక్కలు కొట్టి మెట్లు చేస్తారు. కొసన ఒక మనిషి కూర్చునేంత పీట కడతారు. వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కాలి. పైకి చేరి ఆఖరి పద్యం అయ్యాక, భుజాన సంచిలో ఉన్న నిమ్మకాయలు, విభూతి కిందికి చల్లాలి.

కింద పిల్లలు లేని ఆడవాళ్లు ఉంటారు. తెల్లవారే తలకు పోసుకుని, తడిచీరతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. నిమ్మకాయ ఎవరి పక్కన పడితే వాళ్లకు ఫలం అని నమ్మకం. పద్యాలన్నీ పూర్తి కాకుండా నిమ్మకాయ వదలకూడదు. నిమ్మకాయ పడకుండా ఆడవాళ్లు లేవకూడదు. ఎండ ఎంత ఉన్నా ఇదే కట్టుబాటు.

ఇక ముక్కు సంగతి. గొంతు బాగుండాలి, గొంతు బాగుండాలి అంటారు అందరూ. ముక్కు దిబ్బడ వేస్తే ఎంత మంచి గొంతూ పనికిరాదు. న, మ అనే అక్షరాలు సరిగా పలకవు. నోటితో గాలి పీలిస్తే రెండు పద్యాలకే నాలుక అట్టకడుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు చెవులది. ముక్కుతోపాటు చెవులూ మూసుకుపోతాయి. అప్పుడు మన గొంతు మనకు లోపల పెద్దగా వినిపిస్తుంది, బయటి శ్రుతి చిన్నగా వినిపిస్తుంది. శ్రుతి తప్పామని మనకు తప్ప ఊరందరికీ తెలుస్తుంది.

నా ముక్కూ అంతంతమాత్రమే. ముప్పై ఏళ్లుగా దానికి ఊడిగం చేస్తున్నాను. మామిడి పూత కాలం ఒకటి, ఎండాకాలం దుమ్ము ఒకటి, మదనపల్లె పక్క పోతే టమోటా లారీలు లేపే మట్టి ఒకటి, వేషానికి పూసే పౌడరు ఒకటి, పూజ దగ్గర సాంబ్రాణి పొగ ఒకటి. పెరుగు మానమన్నవాడు ఒకడు, అరటిపండు మానమన్నవాడు ఒకడు, ముక్కుపొడి పట్టమన్నవాడు ఇంకొకడు. అన్నీ విన్నాను. మానినవన్నీ మళ్లీ తింటున్నాను, పట్టిన ముక్కుపొడి మానేశాను. చివరికి నిలిచినవి చిన్న పనులే. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ఒక ముక్కులో పోసి ఇంకో ముక్కులోంచి వదలడం. నాటకం ముందు ఉత్త వేడినీళ్ల ఆవిరి పట్టడం. వేషం కడుక్కున్నాక ముక్కూ కడుక్కోవడం. అలర్జీ మాత్ర వేసుకుంటే తుమ్ములు ఆగుతాయి గాని గొంతు ఎండుతుంది. పాత రకం మాత్రలైతే నిద్ర ముంచుకొస్తుంది. రాజు వేషం వేసినవాడు సింహాసనం మీదే గురక పెట్టిన నాటకం నేను చూశాను. ఇదంతా వైద్యం అనుకోకండి. చాకిరీ. ఒక్క రోజు ఎగ్గొడితే మరుసటి రోజు ముక్కు గుర్తుపెట్టుకుని మరీ బిగుసుకుంటుంది.

మునిరత్నం సదుం పక్క పల్లెవాడు. కొంచెం మెట్ట చేను, నాలుగు ఆవులు, భార్య సరోజ. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో అంత గొంతు ఉన్నవాడు ఇంకొకడు లేడు. తపస్సు వేషం వాడికిచ్చాను. మొదటిసారి కుప్పం పక్క ఒక ఊళ్లో మాను ఎక్కాడు. సగం ఎక్కేసరికి కళ్లలోంచి నీళ్లు ధారగా కారడం మొదలైంది. ముక్కు కూడా కారింది గాని అది కిందికి కనపడదు. జనం చేతులెత్తి మొక్కారు.

"సూడండప్పా, సామి కనపడినట్టుండాడు ఆయప్పకు" అని ఒక ముసలాయన నా పక్కనే ఏడ్చేశాడు.

నాకూ ఒళ్లు జలదరించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ తర్వాత ఉత్సవం పెట్టే ప్రతి ఊరూ అదే అడిగింది. "ఆ ఏడ్చే అబ్బోడే కావల్ల అయ్యోరా. వేరే వాణ్ణి పిలుచుకోనొస్తే మేం ఒప్పుకోం." మునిరత్నం అంటే కన్నీళ్లు, కన్నీళ్లు అంటే మునిరత్నం అయిపోయింది. వాడూ అదే నమ్మాడు. ఎప్పుడూ రాని కన్నీళ్లు ఆ మాను మీదే ఎందుకు వస్తాయి, సామి ఇస్తున్నాడు కాబట్టి వస్తాయి. అది వాడి లెక్క.

కానీ తపస్సు మరుసటి రోజు వాడు మంచం దిగేవాడు కాదు. ముఖం ఉబ్బేది. రొమ్ములో పిల్లికూతలు వినిపించేవి. ఏడాదికేడాది ఎక్కువయింది. ముక్కు తెరుచుకోవడానికి మందుల అంగట్లో చుక్కల మందు కొని జేబులో పెట్టుకుని, పొద్దుకు ఇన్నిసార్లని లేకుండా వేసుకునేవాడు. ఒక ఏడు కుప్పం పక్కనే ఆఖరి పద్యంలో గొంతు కీచుమని ఆగిపోయింది. జనం దాన్నీ భక్తి కిందే వేసుకున్నారు. నేను వేసుకోలేదు. మదనపల్లెలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి పిలుచుకుని పోయాను.

ఆమె ముక్కులో లైటు వేసి చూసి, రొమ్ము మీద గొట్టం పెట్టి విని, అడిగింది. "ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"తపస్సు పొద్దు వస్తాది మేడం."

"మిగతా రోజుల్లో?"

"తుమ్ములుంటాయి. ముక్కు మూసుకుంటాది. కండ్లల్లో నీళ్లు మాత్రం రావు."

"తపస్సు రోజు కళ్లలో నీళ్లు కూడా వస్తాయా?"

"అది జబ్బు కాదు మేడం" అన్నాడు మునిరత్నం. "అది సామి."

ఆమె నవ్వలేదు. "స్వామి సంగతి నాకు తెలియదు. ముక్కు సంగతి చెప్తాను" అంది. అలర్జిక్ రైనైటిస్ అని పేరు చెప్పింది. పడని వస్తువేదో గాలిలో లోపలికి పోతే ముక్కు లోపలి పొర వాచిపోవడం అన్నమాట. అది రొమ్ముదాకా దిగి ఆయాసంగా మారుతోందని చెప్పింది. జేబులోని చుక్కల మందు తీయించి చెత్తబుట్టలో వేసింది. నాలుగు రోజులకు మించి వాడితే ముక్కు దానికి అలవాటు పడి, వేసుకోకపోతే ఇంకా గట్టిగా మూసుకుంటుందట. దాని బదులు స్టెరాయిడ్ స్ప్రే రాసింది, ముక్కులో పిచికారీ లాగా కొట్టుకునేది. ఆయాసం వచ్చినప్పుడు నోటితో పీల్చడానికి ఇన్‌హేలర్ ఒకటి ఇచ్చింది.

"ఈ స్ప్రే కొట్టిన వెంటనే పనిచేయదు. రోజూ కొట్టాలి, వారాల తరబడి కొట్టాలి. మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఏ వస్తువు పడటం లేదో పరీక్ష చేద్దాం, వచ్చే నెల రండి."

వచ్చే నెల ఉత్సవాలు మొదలయ్యాయి. మేము పోలేదు. స్ప్రే మాత్రం వాడు కొట్టాడు. నా కళ్లముందే కొట్టేవాడు. అభ్యాసంలో గొంతు విప్పారింది. న అంటే న అని వినిపించింది. నేను నిశ్చింతగా ఉన్నాను.

తపస్సు వేషం కట్టేవాడికి ముందుగా కంకణం కడతారు. కట్టినప్పటి నుంచి దీక్ష. ఒంటిపొద్దు, నేల పడక. కంకణం కట్టాక మునిరత్నం గుడిలోనే ఉన్నాడు, నేను వేరే ఊళ్లో ఇంకో నాటకం పనిలో ఉన్నాను. నేరుగా ఆ శుక్రవారం పొద్దునే కలిశాము.

వేషం అయ్యింది. మాను దగ్గర ఇంకో ఆచారం ఉంది. ఎక్కేముందు మొక్కుబడి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ వేషగాడి మెడలో దండ వేస్తారు. మా సీమలో దండ అంటే చామంతి. కుప్పం పక్క ఎకరాలకెకరాలు పూలచేలు. రామసముద్రం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తన కోడలు శాంతమ్మ పేరున మోకాళ్ల దాకా వేలాడే దండ తెచ్చింది. శాంతమ్మ అప్పటికే తడిచీరతో నేల మీద ఉంది. మూడో ఏడు రావడమట. ముసలమ్మే దండ వేసి, "నా కోడలు పక్కకే ఇసురు నాయనా, నీకు పుణ్యముంటాది" అని మునిరత్నం గడ్డం పట్టుకుంది. దండలు ముక్కు దాకా వచ్చాయి.

మద్దెల వాయించే మస్తాన్ మా జట్టులో పాతవాడు. వాడు చూసి అన్నాడు. "ఏం మునిరత్నం, తపస్సుకు పోతాండావా, పైన పూలంగడి పెట్టేకి పోతాండావా?"

"నువ్వు వాయించప్పా ఊరికే" అన్నాడు మునిరత్నం. అప్పుడే ఒక తుమ్ము తుమ్మాడు. ఉత్సవం పెద్ద చెంగల్రెడ్డి ఒంటి తుమ్మని ఆగమన్నాడు. ఆగాల్సిన పని లేకుండానే ఇంకో పది తుమ్మాడు.

ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి పద్యాలు బాగున్నాయి. పావు మాను ఎక్కేసరికి కన్నీళ్లు వచ్చాయి. జనం ఈలలు, గోవిందలు. చెంగల్రెడ్డి మైకు అందుకుని, "సూడండి, మా ఊరి తపస్సుకు సామి దిగొచ్చినాడు" అన్నాడు.

అప్పుడు సరోజ జనంలోంచి తోసుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది. చెవి దగ్గర చెప్పింది.

"అయ్యోరా, ఆయప్ప ముక్కు మందు కొట్టల్యా."

"ఈ పొద్దా?"

"కంకణం కట్టినప్పట్నించి. దీక్షలో ముక్కులో మందు పోసుకునేది తప్పంట. పీల్చేది కూడా ఇంట్లోనే గూట్లో పెట్టేసినాడు."

"యాల చెప్పలేదమ్మా నాకు?"

"చెప్పొద్దన్నాడు." తర్వాత అసలు మాట చెప్పింది. "ఆ మందు కొడితే కన్నీళ్లు రావంట అయ్యోరా. పోయిన నెల మందు కొడితే ముక్కు కారేది నిలిచిపోయిందంట, మాను మీద కండ్లూ అట్లే ఎండిపోతాయంట. సామి ఇచ్చిండేదాన్ని మందుతో ఆపుకుంటే పాపం అన్నాడు."

నేను వేళ్లు ఆడిస్తూనే చెవి పెట్టి విన్నాను. వాడి భుజం పట్టీకి కాలర్ మైకు ఉంది, అంటే బట్టకు తగిలించే చిన్న మైకు. అది దండల కింద నలిగిపోతోంది. జనానికి పద్యం వినిపిస్తోంది. నాకు పద్యానికీ పద్యానికీ మధ్య ఉన్నది వినిపించింది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు కాదు, బయటికి వచ్చేటప్పుడు సన్నగా ఈల. ఒక్క ఊపిరిలో పాడాల్సిన పాదాన్ని ముందు రెండుగా విరిచాడు. తర్వాతి మెట్టులో మూడుగా విరిచాడు. మాటల మధ్యలో విరిచాడు. ఆ గొంతుకు పద్యం నేర్పింది నేను. అది ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగకూడదో నాకు తెలుసు. పదకొండూ పదికి రెండో పాదంలో మాట మధ్యలో ఊపిరి కోసం ఆగి, అందక, ఒక చేత్తో మెట్టు వదిలి రొమ్ము పట్టుకున్నాడు. జనం "హరహర" అన్నారు. నేను పెట్టె ఆపేశాను.

చెంగల్రెడ్డి చేతిలో మైకు లాక్కున్నాను. "మునిరత్నం, దిగు" అన్నాను.

జనం తలలన్నీ నా వైపు తిరిగాయి.

"ఏంది అయ్యోరా ఇది?" చెంగల్రెడ్డి నా చెయ్యి పట్టుకున్నాడు. "తపస్సు సగంలో ఆపేదా? మా తాతల కాలం నుంచి ఎప్పుడన్నా జరిగిందా? ఊరికి అరిష్టం గదా!"

"వాడు పైనుంచి పడితే అరిష్టం కాదా?"

"పడడు. సామి ఉండాడు పైన. కండ్లల్లో నీళ్లు సూడు, ఎంత భక్తో!"

"అది భక్తి కాదు చెంగల్రెడ్డీ, ఆయాసం. నీకు కన్నీళ్లు కనపడతాండాయి, నాకు ఊపిరి వినపడతాంది."

పైనుంచి మునిరత్నం తల అడ్డంగా ఊపాడు. మైకులో ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది. "దిగేకి... కాదయ్యోరా. ఆడోళ్లు... పండుకోనుండారు."

వాడి బాధ నాకు అర్థమైంది. నిమ్మకాయ పడకుండా వాళ్లు లేవకూడదు. వాళ్లు లేవకుండా వీడు దిగకూడదు. ఎవరు పెట్టారో ఈ ముడి. నేను ఏం చెప్పినా వాడు దిగడని తెలిసిపోయింది. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో నేను ఎక్కి దించలేను. ఇంకొకరిని ఎక్కిద్దామంటే ఆ చెక్కలు ఇద్దరి బరువు ఆపవు.

అప్పుడు మాను మొదట్లో శాంతమ్మ లేచి కూర్చుంది. ఒళ్లంతా మట్టి. జుట్టుకు గడ్డిపరకలు. వాళ్ల అత్త కేక వేసింది. "పండుకో! లేస్తే ఫలం పోతాదే!"

శాంతమ్మ అత్త వైపు చూడలేదు. లేచి నిలబడి, తల ఎత్తి అరిచింది. "అన్నా, దిగు!"

"నువ్వు... పండుకోమ్మా" అన్నాడు పైనుంచి.

"పండుకోను. నా ఒళ్లోకి బిడ్డ రావల్లంటే ఇంగొక తల్లి బిడ్డ మాను మీద సావాల్నా? నాకొద్దు ఆ బిడ్డ. దిగన్నా, నీకు దండం పెడతాను."

అత్త తల కొట్టుకుంది. ఎవరో ఆడమనిషిని తిట్టే తిట్టు తిట్టారు. శాంతమ్మ కదల్లేదు. ఆమె పక్కన పడుకున్నామె మెల్లగా లేచింది. ఆమె పక్కనామె లేచింది. ఒకరినొకరు పట్టుకుని అందరూ లేచి నిలబడ్డారు. తడిచీరలు అప్పటికే ఆరిపోయాయి. పైన ఉన్నవాడికి ఇక మాను పట్టుకుని ఉండటానికి కారణం లేకుండా పోయింది.

దిగడం మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడికి దిగడం రాదని. ఎక్కడం నెలల తరబడి నేర్పాను. ఎక్కినవాడు ఆఖరున తాడు పట్టుకుని జారుతూ వస్తాడు, దానికి నేర్పేదేముంది అనుకునేవాళ్లం. ఆ తాడు చుట్టగా పైన పీటకు కట్టి ఉంది, వాడికి అందదు. వాడు సగంలో ఉన్నాడు. కాలితో కింది మెట్టు వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. దండలు కాళ్లకు అడ్డం పడుతున్నాయి.

"దండలు తీసి పారెయ్" అన్నాను మైకులో. పారేయలేదు. ఒక్కొక్కటే తీసి కళ్లకద్దుకుని వదిలాడు. ఆ ఓపిక ఎక్కడిదో! "ఇప్పుడు నా మాట విను. ఊపిరి లోపలికి తీసుకునేకి పెనుగులాడొద్దు. పద్యం చివర రాగం తీసేటప్పుడు ఎట్ల వదుల్తావో అట్ల వదులు. పెదాలు సన్నగా పెట్టు. సన్నగా, బారుగా వదులు. అంతా వదిలినాక కాలు కిందికి పెట్టు." మస్తాన్‌కు చెప్పకుండానే అర్థమైంది. మెట్టుకొక దెబ్బ వేశాడు, చాలా నిదానంగా. దెబ్బ, ఊపిరి, మెట్టు. దెబ్బ, ఊపిరి, మెట్టు. అంత నెమ్మదిగా ఏ తాళమూ నేను జన్మలో వెయ్యించలేదు.

నేల మీద కాలు పెట్టగానే కూలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. సంచి తీసి నా చేతిలో పెట్టాడు. మాట రాలేదు, నిమ్మకాయలు చూపించి ఆడవాళ్ల వైపు చూపించాడు. ఆటో నడిపే గంగులప్ప అక్కడే నిమ్మసోడా తాగుతున్నాడు, సోడా వదిలేసి వచ్చాడు. సరోజ ఎక్కి భర్త తల ఒళ్లో పెట్టుకుంది. పుంగనూరు ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టారు. మందును ఆవిరిలాగా చేసి ముక్కుకూ నోటికీ తొడుగు పెట్టి పీల్పించే మిషన్ అది. సాయంత్రానికి కూర్చున్నాడు.

ఇక్కడ చేలో నేను మిగిలాను, సంచి మిగిలింది, లేచిన ఆడవాళ్లు మిగిలారు. వాళ్లను ఇళ్లకు పొమ్మనేవాడు లేడు, పడుకోమనేవాడు లేడు.

"ఇప్పుడేం చేసేది అయ్యోరా?" అన్నాడు చెంగల్రెడ్డి. గొంతులో కోపం పోయింది, భయం మాత్రం ఉంది.

"మిగిలిన పద్యాలు నేను పాడతాను."

"మాను ఎక్కకుండానా?"

"ఎక్కకుండానే. సామికి నేల మీది పాట వినపడదా?"

మాను మొదట్లో నిలబడి పాడాను. నా ముక్కూ ఆ దండల మధ్య బిగుసుకుంటోంది. గొంతు ముసలిది. ఒక పద్యం మధ్యలో శ్రుతి జారింది, మస్తాన్ విననట్టు వాయించాడు. అన్నీ పూర్తి చేశాను. నిమ్మకాయలు చల్లడానికి ఎత్తు లేదు. అందుకని ఒక్కొక్కరి దగ్గరికి పోయి చేతిలో పెట్టాను. పైనుంచి పడితే ఒకరికి దొరుకుతుంది, ఇంకొకరికి దొరకదు. ఆ పొద్దు అందరికీ దొరికింది. ఊరికే చేతిలో పెట్టి పోవడం మొరటుగా అనిపించి, "నీ పేరేందమ్మా?" అని అడిగాను. వాళ్లు తడబడ్డారు. అంతసేపూ ఫలానావాళ్ల కోడలు, ఫలానావాళ్ల పెండ్లాం అనే పిలిచారు వాళ్లను. ఒకామె మొగుడి పేరు చెప్పింది. "అది కాదమ్మా, నీ పేరు" అన్నాను. చెప్పింది.

శాంతమ్మ నిమ్మకాయ తీసుకుని, "ఆయన్న బతుకుతాడు గదా నాయనా?" అని అడిగింది. వేరే ఏమీ అడగలేదు.

తర్వాతి నెల మదనపల్లె డాక్టరమ్మ దగ్గర పరీక్ష చేయించాము. స్కిన్ ప్రిక్ టెస్ట్ అంటారు, చెయ్యి మీద రకరకాల చుక్కలు పెట్టి సూదితో కొంచెం గీరుతారు. పడనిది ఉంటే ఆ చోట దద్దురు లేస్తుంది. చామంతి దగ్గర రూపాయి బిళ్లంత లేచింది. పొలంగట్ల మీది కాంగ్రెస్ గడ్డి దగ్గరా అంతే లేచింది. రెండూ ఒకే జాతివట. మావాడు పుట్టినప్పటి నుంచి ఆ గడ్డి మధ్యే తుమ్ముతూ బతుకుతున్నాడు. తపస్సు పొద్దు మాత్రం దాని అక్కచెల్లెళ్లను మెడ నిండా వేసుకుని ఆయాసపడుతూ ఎక్కేవాడు.

"మందు ఎందుకు మానేశావు?" అని అడిగింది ఆమె.

"దీక్ష మేడం."

"దీక్షలో ఊపిరి పీల్చడం మానలేదు కదా?"

వాడు తల దించుకున్నాడు. బయటికి వచ్చాక బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాము. అప్పుడు అడిగాడు. "అయితే సామి రాలేదా అయ్యోరా, ఇన్నేండ్లూ?"

"వచ్చినాడో లేదో నాకు తెలీదప్పా. వచ్చింటే నీ పాట కోసరం వచ్చింటాడు. నీ ముక్కునీళ్ల కోసరం రాడు గదా" అన్నాను. అది వాడికి సరిపోలేదని ముఖం చూస్తే తెలిసింది.

ఇప్పుడు మునిరత్నం మాను ఎక్కుతున్నాడు. కంకణం ఉన్నా స్ప్రే కొడతాడు. నిమ్మకాయల సంచిలో ఇన్‌హేలర్ ఉంటుంది. దండలు మెడలో కాకుండా ఎడంగా ఒక బండకు వేయిస్తున్నాను. కొన్ని ఊళ్లు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. పద్యం ముందుకంటే ఎంతో బాగుంది, ఒక్క అక్షరం పోదు. కన్నీళ్లు రావడం లేదు. కుప్పం పక్క ఒక ఊరివాళ్లు మొహం మీదే అన్నారు. "ఏం అయ్యోరా, మీవాడికి భక్తి తగ్గినట్టుండాదే?" ఆ ఊరు తర్వాత మమ్మల్ని పిలవలేదు. మునిరత్నం దానికి కుంగిపోయాడు, ఇప్పటికీ తేరుకోలేదు. మనిషి నిలిచాడు, పేరు పోయింది. నేను ఎంత చెప్పినా వాడికి పోయిందే కనిపిస్తుంది. నాకూ చెప్పి చెప్పి అలుపొచ్చింది.

నేను నేర్చుకున్నది రెండు మాటలు. పాటగాడు ఏడుస్తుంటే మెచ్చుకునే ముందు వాడి ఊపిరి వినాలి. ఎక్కడం నేర్పేవాడు, సగంలో నుంచి దిగడం కూడా నేర్పాలి. ఇప్పుడు నేను అభ్యాసంలో మొదట దిగడమే నేర్పుతున్నాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

నిమ్మకాయలు తీసుకున్నవాళ్లకు ఫలం దక్కిందా అని అడుగుతుంటారు. తెలీదు. నేను అడగలేదు, అడగను. పేర్లు మాత్రం మరిచిపోలేదు. పద్యాల లాగే అవీ చెవిలో నిలిచిపోయాయి.

ఆ పొద్దు అక్కడ ఉన్నవాళ్లు: మాను మీద మునిరత్నం. నా పక్కన వాడి భార్య సరోజ. మద్దెల మీద మస్తాన్. ఉత్సవం పెద్ద చెంగల్రెడ్డి. ఆటో గంగులప్ప. రామసముద్రం ముసలమ్మ, ఆమె పేరు చిన్నక్క. హార్మోనియం ముందు నేను, నాగులప్ప. చుట్టూ ఊరు ఊరంతా ఉంది, వాళ్లు చూడటానికి వచ్చినవాళ్లు. మాను కింద మట్టిలో నుంచి లేచి నిలబడినవాళ్లు రెడ్డెమ్మ, కళావతి, మునెమ్మ, లక్ష్మీదేవి, నాగవేణి, అమరావతి, గంగులమ్మ. వాళ్లందరికంటే ముందు లేచింది శాంతమ్మ.